స్ప్లిట్టర్‌తో కార్డ్ పలకదు: మాడ్యులర్ సింథ్‌పై నాలుగు గొంతుల లెక్క

సంపాదకులకు,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో మాడ్యులర్ అనలాగ్ సింథసైజర్ (మాడ్యూళ్లనే విడి పలకలను తీగలతో కలిపి ధ్వని పుట్టించే విద్యుత్ వాద్యం) గురించి వచ్చిన వ్యాసం చదివాం. ఈ వాద్యం గురించి తెలుగులో ఎవరైనా రాయడమే అరుదు కాబట్టి ముందుగా సంతోషం. అయితే అందులో రెండు మాటల దగ్గర ఆగిపోయాం. ‘మాడ్యులర్ మీద ఒకసారి ఒక్క స్వరమే పలుకుతుంది’ అన్నది మొదటిది. ‘కీబోర్డు నుంచి వచ్చే తీగకు స్ప్లిట్టర్ తగిలించి నాలుగు ఆసిలేటర్లకు పంచితే కార్డ్స్ వాయించుకోవచ్చు’ అన్నది రెండోది (స్ప్లిట్టర్ అంటే ఒక తీగను పలుదారులుగా చీల్చేది, ఆసిలేటర్ అంటే ధ్వని పుట్టించే మాడ్యూల్, కార్డ్ అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపు). మొదటిది సగం నిజం. రెండోది పూర్తిగా తప్పు. దాన్ని నమ్మి నాలుగు ఆసిలేటర్లు కొన్నవాళ్లకు బాగా ఖరీదైన తప్పు కూడా. పక్కన వేసిన పటమూ ఆ తప్పునే గీసి చూపించింది.

ఎందుకు తప్పో చెప్తాం. మాడ్యులర్‌లో స్వరం తీగ మీద వోల్టేజీగా ప్రయాణిస్తుంది. ఎక్కువ మంది పాటించే కొలత స్థాయికి ఒక వోల్టు. స్థాయిలో 12 స్వరస్థానాలు కాబట్టి ఒక్కో స్వరస్థానానికి 83.3 మిల్లీవోల్టులు. దాన్నింకా వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు (ఇళ్ల స్థలాలు కొలిచే సెంటు కాదు, స్వరాన్ని కొలిచే సెంటు), అంటే 0.83 మిల్లీవోల్టు. ఒక తీగలో ఒక క్షణాన ఉండేది ఒకే వోల్టేజీ. దాన్ని నాలుగు ఆసిలేటర్లకు పంచితే నాలుగూ అదే స్వరం పలుకుతాయి. ధ్వని లావెక్కుతుంది, కార్డ్ మాత్రం రాదు.

ఆసిలేటర్లను ముందుగానే స, అంతర గాంధారం, పంచమం దూరాల్లో శ్రుతి చేసిపెడితే, అంటే రెండోదానికి 0.333 వోల్టు, మూడోదానికి 0.583 వోల్టు కలిపి ఇస్తే, కార్డ్ వస్తుంది నిజమే. కానీ ఏ కీ నొక్కినా అదే ఆకారం పైకీ కిందికీ జరుగుతుంది. మేజర్ (అంతర గాంధారం ఉన్న కార్డ్) పెట్టి ఉంచితే మైనర్ (సాధారణ గాంధారం ఉన్నది) రాదు. ఒక స్వరం నిలిచి ఉండగా మిగతావి కదలడం అసలే రాదు. కొన్ని రకాల డాన్స్ సంగీతానికి ఇది చాలు, దాన్ని తక్కువ చేయడం లేదు. అయితే దాన్ని బహుస్వర వాదనం అనలేం.

ఆ స్ప్లిట్టర్‌లో ఇంకో దొంగ కూడా ఉన్నాడు. స్వరాన్ని మోసే పిచ్ వోల్టేజీ ఇచ్చే జాక్ వెనక 1 కిలోఓమ్ రెసిస్టరు ఉండి, ఒక్కో ఆసిలేటర్ లోపలికి 100 కిలోఓములు ఉంటాయనుకోండి. ఒక ఆసిలేటర్ తగిలిస్తే వోల్టేజీలో 1 శాతం లోపు తగ్గుతుంది. శ్రుతి చేసేటప్పుడు ఆ తగ్గుదల కలిసే ఉంటుంది కాబట్టి చెవికి తెలియదు. నాలుగూ తగిలిస్తే భారం 25 కిలోఓములకు దిగి, వోల్టేజీ దాదాపు 4 శాతం తగ్గుతుంది. మొదట శ్రుతి చేసినప్పటి కంటే ప్రతి స్థాయీ 35 సెంట్ల మేర కుంచించుకుపోతుందన్నమాట. రెండు స్థాయిలు పైకెళ్లేసరికి ముప్పావు స్వరస్థానం గల్లంతు. ఈ నష్టం రాకుండా కట్టిన జాక్‌లు కొన్ని పరికరాల్లో ఉంటాయి గానీ, ఉన్నాయో లేదో బయటికి కనబడదు. అందుకే పిచ్ తీగను పంచాల్సి వస్తే ఉత్త స్ప్లిట్టర్ కాకుండా బఫర్ ఉన్న మల్టిపుల్ (పంచినా వోల్టేజీ తగ్గనివ్వని మాడ్యూల్) వాడాలి. గేట్ తీగకూ (కీ నొక్కారో వదిలారో చెప్పేది), ఎల్ఎఫ్ఓ తీగకూ (ధ్వనిని మెల్లగా ఊపే ఆసిలేటర్‌ది) ఉత్త స్ప్లిట్టర్ చాలు. అక్కడ ఒకటి రెండు శాతం తేడాను ఎవరూ వినరు.

మరి నాలుగు స్వరాలు నాలుగు దారుల్లో పోవాలంటే ఏం కావాలి? ఆసిలేటర్, ఫిల్టర్ (ధ్వనిలో కొంత భాగాన్ని కోసేది), వీసీఏ (మట్టం పెంచి తగ్గించేది), ఎన్వలప్ (స్వరం ఎలా ఎక్కి ఎలా దిగాలో చెప్పేది) — ఈ నాలుగూ కలిసిన గొలుసును ఈ పనిలో ఉన్నవాళ్లు వాయిస్ అంటారు. ఇక్కడ గొంతు అందాం. ఎన్ని స్వరాలు ఒకేసారి పలకాలో అన్ని గొంతులు కావాలి. ఆసిలేటర్లు మాత్రం నాలుగు పెట్టి, ఫిల్టరూ వీసీఏ ఒక్కొక్కటే ఉంచితే దాన్ని పారాఫోనిక్ అంటారు. 1981లో వచ్చిన కోర్గ్ మోనో/పాలీ అలాంటిదే: నాలుగు ఆసిలేటర్లు, ఒకే ఫిల్టరు. ఇందులో చిక్కేమిటంటే, మూడు కీలు పట్టుకుని ఉండగా నాలుగోది నొక్కితే ఎన్వలప్ మళ్లీ మొదలై, నిలిచి ఉన్న మూడూ దాంతోపాటు తుళ్లిపడతాయి. మళ్లీ మొదలవకుండా సెట్ చేస్తే నాలుగో స్వరానికి ఆరంభమే ఉండదు, దొడ్డిదారిన వచ్చినట్టు వస్తుంది. తీగవాద్యాల బృందంలా మెల్లగా ఎక్కి మెల్లగా దిగే ధ్వనికి ఇది హాయిగా సరిపోతుంది. మీటినట్టు పలకాల్సిన ధ్వనికి సరిపోదు.

గొంతుకొక గొలుసు ఉండాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1975లో వచ్చిన ఓబర్‌హైమ్ ఫోర్ వాయిస్ అచ్చంగా అదే. ఎస్ఈఎమ్ అనే చిన్న సింథసైజర్లు నాలుగు పక్కపక్కన బిగించి, నొక్కిన కీలను వాటికి పంచే డిజిటల్ కీబోర్డు పెట్టారు. ఒక ధ్వని కావాలంటే నాలుగింటి మీదా విడివిడిగా నాబ్‌లు తిప్పాలి. 1978లో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-5 వచ్చి, మైక్రోప్రాసెసర్‌తో ఆ బాధ తీర్చింది. ఒక నాబ్ తిప్పితే ఐదు గొంతులూ వింటాయి, శ్రుతి కూడా యంత్రమే చూసుకుంటుంది. మాడ్యులర్ తీసుకున్నవారు తిరిగి 1975కి వెళ్తున్నట్టే. ప్రాసెసర్ చేసిన చాకిరీ అంతా ఇక చేతులతోనే. అది ముందే తెలిసి దిగితే తర్వాత నిరాశ ఉండదు.

(కీలను పంచే గొడవే లేని దారి ఇంకొకటుంది. 1977 నాటి కోర్గ్ పీఎస్-3300లో 48 కీలకూ దేని ఫిల్టరు, దేని ఎన్వలప్ దానికే. పైగా అలాంటివి మూడు వరుసలు, మొత్తం 144. మాడ్యూళ్లతో దాన్ని కట్టాలంటే ఇల్లు చాలదు.)

ఇప్పుడు విడిభాగాలు. 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డోప్‌ఫర్ సంస్థ మొదలుపెట్టిన యూరోర్యాక్ కొలతలనే నేడు ఎక్కువ మంది వాడుతున్నారు: పలక ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల హెచ్‌పీల్లో, కరెంటు ప్లస్ మైనస్ 12 వోల్టులు, 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు. విడివిడి మాడ్యూళ్లతో ఒక గొంతుకు సుమారు 32 హెచ్‌పీ వేసుకుంటే నాలుగు గొంతులకు 128 హెచ్‌పీ. 84 హెచ్‌పీ వరుస ఒకటిన్నర నిండిపోతుంది, మిక్సరూ, నొక్కిన కీలను వోల్టేజీలుగా మార్చే ఇంటర్‌ఫేసూ ఇంకా బయటే ఉంటాయి. తీగలూ లెక్కపెట్టండి. ఒక గొంతుకు పిచ్ ఒకటి, గేట్ ఒకటి, ఆసిలేటర్ నుంచి ఫిల్టరుకు, ఫిల్టరు నుంచి వీసీఏకు, ఎన్వలప్ నుంచి రెండింటికీ, వీసీఏ నుంచి మిక్సరుకు — మొత్తం ఏడు. నాలుగు గొంతులకు 28. అన్ని ఫిల్టర్లనూ ఒకే ఎల్ఎఫ్ఓ ఊపాలంటే ఇంకో ఐదు (స్ప్లిట్టర్ దాకా ఒకటి, అక్కడి నుంచి నాలుగు). గొంతుకొక రంగు తీగలు పెట్టుకోండి. ఎర్రవన్నీ ఒకటో గొంతు, పసుపువన్నీ రెండోది, అలా. ఇది అలంకారం కోసం కాదు. ఒక గొంతు మూగబోయినప్పుడు ఎక్కడ వెతకాలో రంగే చెప్తుంది.

ఈ రద్దీ తగ్గించడానికే నాలుగేసి కలిపిన మాడ్యూళ్లు వచ్చాయి. డోప్‌ఫర్‌వే చూస్తే ఏ-190-5 మిడి (ఏ కీ నొక్కారో అంకెల్లో పంపే పద్ధతి) నుంచి నాలుగు గొంతులకు పిచ్, గేట్ ఇస్తుంది. ఏ-111-4లో నాలుగు ఆసిలేటర్లు, ఏ-105-4లో నాలుగు ఫిల్టర్లు, ఏ-141-4లో నాలుగు ఎన్వలప్‌లు, ఏ-132-8లో ఎనిమిది వీసీఏలు ఉంటాయి. వీటి అసలు విలువ స్థలం కలిసిరావడం కంటే, ఒకే నాబ్ నాలుగు ఫిల్టర్లనూ కలిపి కదపడంలో ఉంది. విడి ఫిల్టర్లు నాలుగు కొని, నాలుగు నాబ్‌లూ గడియారం ముల్లు మూడు దగ్గర ఉన్నట్టు పెడితే నాలుగూ ఒకేలా తెరుచుకుంటాయనుకోవడం అమాయకత్వం. నాబ్ వెనక ఉండే మామూలు పొటెన్షియోమీటర్ల విలువలోనే 20 శాతం అటూ ఇటూ ఉండవచ్చని తయారీదారులే రాస్తారు. మా సలహా ఏమిటంటే, డబ్బు పరిమితంగా ఉంటే ఆసిలేటర్లు నాలుగు రకాలైనా పరవాలేదు, ఫిల్టర్లూ ఎన్వలప్‌లూ మాత్రం నాలుగూ ఒకే రకం ఉండాలి. ఆసిలేటర్ల తేడాను చెవి రంగుగా తీసుకుంటుంది. ఎన్వలప్‌ల తేడాను మాత్రం తాళం తప్పినట్టుగానే వింటుంది.

కీలను గొంతులకు పంచే పని మిడి ఇంటర్‌ఫేస్‌ది. అది ఏ పద్ధతిలో పంచుతుందన్నది కొనేవాళ్లు చాలామంది చూడరు. గుండ్రంగా తిప్పే పద్ధతిలో మొదటి స్వరం ఒకటో గొంతుకు, తర్వాతిది రెండోదానికి, అలా నాలుగు దాకా పోయి మళ్లీ ఒకటికి వస్తుంది. ముందు వదిలిన స్వరం తోక పూర్తిగా వినబడటం దీని సుగుణం. దుర్గుణం: ఒక గొంతు పది సెంట్లు తప్పి ఉంటే, ఒంటి స్వరాలతో పాట వాయించినా ప్రతి నాలుగో స్వరం అపస్వరమే. దీన్నే పరీక్షగా వాడుకోవచ్చు. ఒకే కీని ఎనిమిదిసార్లు వరుసగా కొట్టండి. తేడాగా వినబడ్డది ఎన్నోదో చూస్తే ఏ గొంతుకు జబ్బు చేసిందో తెలిసిపోతుంది. రెండో పద్ధతిలో ఖాళీగా ఉన్నవాటిలో ముందున్న గొంతుకే పని పడుతుంది. పాట మొత్తం ఒకటో గొంతు మీదే నడుస్తుంది, కార్డ్ నొక్కినప్పుడు మాత్రమే మిగతావి లేస్తాయి. పాటకు ఇది మేలు, కాకపోతే తోక తెగుతుంది.

నాలుగు గొంతులూ నిండి ఉండగా ఐదో కీ నొక్కితే ఏదో ఒక గొంతును లాక్కోవాలి. సాధారణంగా అన్నిటికంటే పాతదాన్ని లాక్కుంటుంది. ఇక్కడే కొత్తవాళ్లు ‘మాడ్యూల్ పాడైంది’ అనుకునేది. ఎన్వలప్‌లో రిలీజ్ (కీ వదిలాక ధ్వని ఆరే సమయం) 4 సెకన్లు పెట్టి, మూడు స్వరాల కార్డ్‌ల్ని వెంటవెంటనే వాయించి చూడండి. మొదటి కార్డ్ 1, 2, 3 గొంతులు తీసుకుంటుంది. రెండో కార్డ్‌కు నాలుగోది దొరుకుతుంది, తర్వాత 1, 2 గొంతులను లాక్కుంటుంది. పాత కార్డ్‌లో రెండు స్వరాలు పుటుక్కున తెగి, మూడోది ఒంటరిగా మోగుతూ కొత్త కార్డ్‌లో పానకంలో పుడకలా మిగులుతుంది. మాడ్యూల్ ఏదీ పాడవలేదు, లెక్క చాలలేదంతే. మూడు స్వరాల కార్డ్‌లు ఒకదాని మీద ఒకటి కరగాలంటే ఆరు గొంతులు కావాలి. నాలుగే ఉంటే రిలీజ్‌ను అర సెకను లోపు ఉంచి, తోక కోసం మిక్సరు తర్వాత రెవర్బ్ (ప్రతిధ్వని ఇచ్చే పరికరం) పెట్టుకోండి. అది గొంతుల్ని ఖర్చు చేయదు.

లాక్కున్న గొంతు గేట్ ఒక్క క్షణం కిందికి దిగి మళ్లీ లేవాలి. దిగకపోతే ఎన్వలప్‌కు కొత్త స్వరం వచ్చినట్టే తెలియదు, సగం ఆరిపోయిన స్థితి నుంచే కొనసాగుతుంది. ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లో దీన్ని రీట్రిగర్ అంటారు, ఆన్ చేసి ఉంచండి. అటాక్ (ధ్వని ఎక్కే సమయం) సున్నా దగ్గర ఉంటే లాక్కున్నప్పుడల్లా టిక్కుమంటుంది, 3 నుంచి 5 మిల్లీసెకన్లకు జరిపితే పోతుంది. మిడి తీగ మెల్లనిదనే భయం మాత్రం అక్కర్లేదు. దాని వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక స్వరం సందేశానికి ఒక మిల్లీసెకను కంటే తక్కువే పడుతుంది, నాలుగు స్వరాల కార్డ్‌కు 4 మిల్లీసెకన్ల లోపు. చేతివేళ్లు దిగడంలోనే అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది.

ఇక శ్రుతి. బహుస్వరంలో అసలు పని ఇదే. ఒంటి గొంతు పది సెంట్లు తప్పినా పక్కన పోల్చడానికి ఏమీ ఉండదు. నాలుగు కలిసి పలికేటప్పుడు రెండు సెంట్లు కూడా వినబడతాయి. 440 హెర్ట్‌జ్ దగ్గర ఒక సెంటు తేడా అంటే పావు హెర్ట్‌జ్, అంటే నాలుగు సెకన్లకొకసారి ధ్వని ఉబ్బి తగ్గుతుంది. సెకనుకొకసారి ఉబ్బితే దాదాపు నాలుగు సెంట్లు. ఈ ఉబ్బుల్నే బీట్స్ అంటారు. ఫోన్‌లోని ట్యూనర్ కంటే ఇవే నమ్మకమైన కొలబద్ద.

ముందు కేస్ ఆన్ చేసి అరగంట ఆగండి. ఇంటర్‌ఫేస్‌ను యూనిసన్‌లో పెడితే నాలుగు పిచ్ జాక్‌ల నుంచీ ఒకే వోల్టేజీ వస్తుంది. మల్టీమీటర్ పెట్టి నాలుగూ నిజంగా ఒకటేనా అని చూడండి. ఇంటర్‌ఫేస్ లోపలి డీఏసీ (అంకెను వోల్టేజీగా మార్చే భాగం) 12 బిట్లదై 5 వోల్టుల పరిధి ఉంటే ఒక్కో మెట్టు 1.22 మిల్లీవోల్టులు, అంటే ఒకటిన్నర సెంటు. అంతకంటే సన్నగా శ్రుతి చేయబోయి ఆసిలేటర్‌ను తిట్టడం అన్యాయం. 16 బిట్లు, 10 వోల్టులైతే మెట్టు 0.15 మిల్లీవోల్టే, ఆ చింత ఉండదు. అన్ని ఆసిలేటర్లనూ సా-టూత్ (రంపపు పళ్లలాంటి) తరంగంలో పెట్టండి, బీట్స్ దానిలోనే స్పష్టం. ఒకటో గొంతును ప్రమాణంగా పెట్టుకుని రెండోదాన్ని మాత్రం కలిపి వినండి. నాలుగూ ఒకేసారి వింటే ఏది తప్పిందో ఎవరి తరమూ కాదు.

కింది స్వరం దగ్గర, 1 వోల్టు వద్ద, ఫైన్ నాబ్‌తో బీట్స్ ఆపండి. మూడు స్థాయిలు పైకి, 4 వోల్టులకు వెళ్లండి. బీట్స్ మళ్లీ వస్తాయి. ఇప్పుడు ఫైన్ నాబ్ ముట్టుకోకూడదు, స్కేల్ ప్రీసెట్‌ను (వోల్టుకు సరిగ్గా ఒక స్థాయి వచ్చేలా దిద్దే చిన్న స్క్రూ) సన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి. అది తిప్పితే కింది స్వరం కూడా కదులుతుంది. కాబట్టి కిందికి వచ్చి ఫైన్, పైకి వెళ్లి స్కేల్, ఇలా నాలుగైదు సార్లు తిరగాలి. ప్రతి తిరుగుడుకూ తప్పు తగ్గుతుంటే దారి సరైందే, పెరుగుతుంటే ప్రీసెట్‌ను ఎదురు వైపు తిప్పుతున్నట్టు. 1 నుంచి 4 దాకా కుదిరాక 5, 6 వోల్టుల దగ్గర మాత్రం స్వరం కుంగితే అది స్కేల్ తప్పు కాదు. సా-టూత్ ప్రతి చుట్టు చివరా మొదటికి రావడానికి కొంత సమయం పడుతుంది. అది అర మైక్రోసెకనే అనుకున్నా, 5,000 హెర్ట్‌జ్ దగ్గర చుట్టే 200 మైక్రోసెకన్లు కాబట్టి 0.25 శాతం, అంటే నాలుగు సెంట్లకు పైగా కుంగుతుంది. దీనికి హైఫ్రీక్వెన్సీ ప్రీసెట్ వేరే ఉంటుంది. లేకపోతే ఆ స్థాయిలో కార్డ్స్ వాయించకపోవడమే మందు.

తర్వాత ఫిల్టర్లు. రెజోనెన్స్ (ఫిల్టరు తన కోత హద్దు దగ్గర ధ్వనిని ఉబ్బించే గుణం) పూర్తిగా పెంచితే చాలా ఫిల్టర్లు తామే ఈల వేస్తాయి. ఆ ఈలను ఆసిలేటర్‌లాగే పోల్చి నాలుగు కటాఫ్‌లనూ (ఆ కోత హద్దుల్ని) కలపండి. అక్కడ పది ఇరవై సెంట్ల తేడా ఉన్నా బాధ లేదు. నిజానికి ఆసిలేటర్లను కూడా బీట్స్ పూర్తిగా చచ్చేదాకా బిగించడం మాకు ఇష్టం ఉండదు. ఒకటి రెండు సెంట్లు వదిలేస్తే కార్డ్ ఊపిరి తీసుకుంటుంది. అంతా గీత గీసినట్టు కావాలంటే అనలాగ్ దాకా రావడం దేనికి?

శ్రుతి నిలవకపోవడానికి మొదటి శత్రువు వేడి. ఆసిలేటర్‌లో వోల్టేజీని స్వరంగా మార్చేది ట్రాన్సిస్టర్ల జంట. దాని స్వభావం కెల్విన్ ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 27 డిగ్రీల గది అంటే 300 కెల్విన్, ఒక డిగ్రీ మారితే మూడు వందల్లో ఒకటి, 0.33 శాతం. సరిదిద్దే ఏర్పాటు లేకపోతే ఒక్క డిగ్రీకి మూడు స్థాయిల దూరం మీద 12 సెంట్లు పోతాయి. దీనికి విరుగుడుగా డిగ్రీకి అంతే శాతం పెరిగే టెంప్‌కో రెసిస్టరును ట్రాన్సిస్టర్లకు ఆనించి పెడతారు. కర్టిస్ 3340 చిప్ అయితే ఆ విరుగుడు లోపలే ఉంటుంది. ఇలాంటి ఏర్పాటు ఉన్న ఆసిలేటర్లే కొనండి. మన ఎండాకాలంలో ఇంకో సంగతి గమనించాలి. ఏసీ కంప్రెసర్ ఆగి మొదలయ్యేటప్పుడల్లా గది రెండు డిగ్రీలు ఊగుతుంది. ఏసీ గాలి నేరుగా కేస్ మీద పడేలా ఉంటే గాలి తగిలిన గొంతులు ఒక దారి, తగలనివి ఒక దారి పోతాయి. అన్నీ కలిసి తప్పితే ఎలాగో నెట్టుకురావచ్చు, విడివిడిగా తప్పితే మళ్లీ మొదటి నుంచీ చేయాలి. అందుకే నాలుగు ఆసిలేటర్లూ పక్కపక్కనే, పవర్ సప్లైకి ఎడంగా, కేస్ వెనక మూత మూసి ఉంచాలి.

గేట్ లైటు వెలిగినప్పుడల్లా స్వరం కొద్దిగా కుంగుతుంటే అది వేడి వల్ల కాదు. బస్‌బోర్డు (మాడ్యూళ్లకు కరెంటు పంచే బోర్డు) గ్రౌండ్ దారిలో కరెంటు పెరిగి రెండు మూడు మిల్లీవోల్టులు జరగడం వల్ల. మూడు మిల్లీవోల్టులంటే మూడున్నర సెంట్లు. ఆసిలేటర్ల రిబ్బన్ తీగలను సప్లై వైపు బస్‌బోర్డు మొదట్లో, డిజిటల్ మాడ్యూళ్లను చివర్లో లేదా వేరే బోర్డు మీద పెడితే తగ్గుతుంది. ప్లస్ 12, మైనస్ 12 వాడకాలను విడివిడిగా కూడి, సప్లై సామర్థ్యంలో 70 శాతం దాటకుండా చూసుకోండి. రిబ్బన్ ఎర్రగీత మైనస్ 12 వైపే ఉండాలి. తిప్పి గుచ్చితే శ్రుతి గురించి ఆలోచించే అవసరమే ఉండదు.

మిక్సరు దగ్గర జరిగే తప్పు చిన్నదే అయినా అందరూ చేసేదే. ఒక్కో గొంతు ప్లస్ మైనస్ 5 వోల్టుల ధ్వని ఇస్తుంది. నాలుగూ ఒకే దిశలో కలిసిన క్షణాన 20 వోల్టులు కావాలి, మిక్సరుకు ఉన్నది 12, అందులోనూ 11 దాటకముందే తరంగం తల కోసుకుపోతుంది. ఒంటి స్వరం శుభ్రంగా ఉండి కార్డ్ నొక్కగానే బరబరమంటే కారణం ఇదే. నాలుగు నాబ్‌లనూ సగం కంటే కిందికి దించండి. ఇంకా వినబడితే ఫిల్టరు రెజోనెన్స్ చూడండి, అది కూడా మట్టం పెంచుతుంది. కావాలని గరుకుతనం పెట్టుకునేవాళ్లు దాన్ని ప్రతి గొంతులో మిక్సరుకు ముందే పెట్టాలి. కలిపాక పెడితే స్వరాల మధ్య తేడాలూ మొత్తాలూ కొత్త స్వరాలుగా పుట్టి, స-ప తప్ప ఏ కార్డ్ అయినా బురదే.

ఇవన్నీ చదివి జడుసుకున్నవాళ్లకు, పంచే ఇంటర్‌ఫేసే అక్కర్లేని ఒక ప్యాచ్ చెప్తాం. తంబురా. నాలుగు తీగలు, నాలుగు గొంతులు. ఆధార షడ్జం 2 వోల్టులనుకుంటే సారణి, అనుసారణి రెండూ అక్కడే, మంద్రం 1 వోల్టు, కింది పంచమం 1.585 వోల్టులు. కీబోర్డు లెక్కలో ఆ పంచమం 1.583 వస్తుంది. తేడా రెండు మిల్లీవోల్టుల లోపే గానీ, షడ్జం 130.8 హెర్ట్‌జ్ అయితే దాని మూడో హార్మోనిక్‌కూ (మూల స్వరానికి మూడు రెట్ల వేగంతో పలికే అంశం), ఈ కింది పంచమం నాలుగో హార్మోనిక్‌కూ మధ్య రెండు సెకన్లకు పైగా పట్టే మెల్లని బీట్ ఒకటి ఎప్పటికీ ఊగుతూనే ఉంటుంది. కాబట్టి అంకెలు వదిలేసి చెవితో ఆపండి. అంతర గాంధారం దగ్గరైతే కీబోర్డు స్వరం ఇచ్చే బీట్ సెకనుకు ఐదు, దాన్ని దాచలేం. నాలుగు మెట్ల సీక్వెన్సర్ ఒక్కో గేట్‌ను ఒక్కో ఎన్వలప్‌కు వరుసగా పంపాలి: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. సుమారు సెకనుకొకటి. అటాక్ 10 మిల్లీసెకన్లు, డికే (దిగే సమయం) ఐదారు సెకన్లు. అదే ఎన్వలప్‌ను ఫిల్టరుకు కొంచెం ఆలస్యంగా, రెజోనెన్స్ సగం పైన ఉంచి ఇస్తే జీవాళి (తంబురా తీగల జుమ్మనే నాదం) ఛాయ వస్తుంది. సారణి, అనుసారణి మధ్య మూడు సెకన్లకొక బీట్ వదిలేయండి. ఇందులో గొంతు లాక్కోవడం లేదు, స్కేల్ ప్రీసెట్ ముట్టుకునే పని లేదు. ఒక్కో ఆసిలేటర్ ఒకే స్వరం దగ్గర నిలిస్తే చాలు.

గమకాలు కావాలనేవాళ్లకు ఒక్క హెచ్చరిక. గుండ్రంగా తిప్పే పద్ధతిలో జారుడు పెడితే, కొత్త స్వరం ఇప్పుడే వాయించిన స్వరం నుంచి కాకుండా, ఆ గొంతు నాలుగు స్వరాల కిందట ఎక్కడుందో అక్కడి నుంచి జారుతుంది. పాటకు ఒక గొంతును విడిగా కేటాయించి, మిగతా మూడింటిని కార్డ్‌కు వదలడమే మంచిది. వేలికొక గమకం కావాలంటే 2018లో మిడి ప్రమాణంలో చేరిన ఎంపీఈ (ఒక్కో వేలి కదలికను విడిగా పంపే పద్ధతి) కీబోర్డు, దాన్ని అర్థం చేసుకునే ఇంటర్‌ఫేస్ రెండూ ఉండాలి.

ఒక్క గొంతే ఉన్నవాళ్లకు పాత దారి తెరిచే ఉంది, రికార్డర్. 1968లో అమెరికాలో బాఖ్ రచనల్ని మోగ్ మాడ్యులర్ మీద రికార్డు చేసినప్పుడు ఒక్కో వరుసను విడిగా వాయించి టేప్ మీద పేర్చారు. మన దేశానికి మోగ్ మాడ్యులర్ 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు వచ్చింది. అక్కడి పనీ టేపుల మీదే మిగిలింది. ఈ రోజు అదే పని ల్యాప్‌టాప్‌లో మెట్రోనోమ్ పెట్టుకుని చేయవచ్చు. ప్రతి వరుసకూ ముందు శ్రుతి సరిచూసుకుంటే, ఒక ఆసిలేటర్‌తో ఎనిమిది గొంతుల కార్డ్ కూడా వస్తుంది. అప్పటికప్పుడు వాయించడం మాత్రం రాదు. ఇక రూపాయి పెట్టకుండా లెక్క అర్థం చేసుకోవాలంటే కంప్యూటర్లో నడిచే వీసీవీ ర్యాక్ ఉంది. అందులో ఒకే తీగ 16 గొంతుల్ని మోస్తుంది. మీ పాటకు మూడు చాలో, ఆరు కావాలో అక్కడ నాలుగు రోజుల్లో తేలిపోతుంది. శ్రుతి చేయడం మాత్రం అది నేర్పదు, దాని ఆసిలేటర్లకు చెమట పట్టదు కదా.

మీరు సవరణ వేసేటట్టయితే పటంలో మార్చాల్సింది కొంచెమే. స్ప్లిట్టర్ గీసినచోట నాలుగు గొంతుల మిడి ఇంటర్‌ఫేస్ గీసి, దాని నుంచి ఒక్కో ఆసిలేటర్‌కు ఒక్కో పిచ్ తీగ, ఒక్కో ఎన్వలప్‌కు ఒక్కో గేట్ తీగ వేయించండి. ఒకే ఫిల్టరు, ఒకే వీసీఏ, ఒకే ఎన్వలప్ గీసినచోట నాలుగేసి గీయాలి. నాలుగు వీసీఏల తర్వాత మిక్సరు రావాలి. మీ పటంలో అది ఫిల్టరుకు ముందుంది.

ఇట్లు,
సింథసైజర్ల మరమ్మతు పనిలో ఉన్న ఇద్దరు పాఠకులు,
హైదరాబాద్